ఇరవై రెండేళ్ళ తర్వాత నుమాయిష్‌కి వెళ్ళాను, వెళ్ళకుండా ఉండాల్సిందా?

సైనిక్‌పురి స్వాతి | జనవరి 13, ఉదయం 9:40

నిన్న ఆదివారం పిల్లలిద్దరినీ తీసుకుని నాంపల్లి నుమాయిష్‌కి, అదే ఏటా జనవరిలో పెట్టే ఎగ్జిబిషన్‌కి, వెళ్ళాం. నేను చివరిసారి వెళ్ళింది 2003లో, డిగ్రీ ఫైనలియర్‌లో ఉండగా. తర్వాత పెళ్ళి, బెంగళూరు, పిల్లలు. పోయినేడాదే మళ్ళీ హైదరాబాద్ వచ్చేశాం.

దారి పొడవునా పిల్లలకి ఒకటే కథలు. నాన్న నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని తిప్పిన సంగతి, చుట్టూ తిరిగే చిన్న రైలు, స్వెటర్ మీద మిర్చి బజ్జీ నూనె ఒలికి అమ్మ చేత తిట్లు తిన్న సంగతి. తీరా వెళ్తే గాంధీభవన్ మెట్రో మెట్లు దిగడానికే ఇరవై నిమిషాలు పట్టింది. లోపల మనం నడవక్కర్లేదు, జనమే నడిపించేస్తారు. రెండు స్టాళ్ళకోసారి అవే మొబైల్ కవర్లు, అవే కుర్తీలు. నలుగురు నాలుగు మైకుల్లో అరుస్తుంటే ఎవరేం అమ్ముతున్నారో అర్థం కాదు.

గంట గడిచాక మా పెద్దాడు, పదకొండేళ్ళవాడు, "అమ్మా, ఇది మాల్ లాంటిదే కదా. ఏసీ లేదంతే" అన్నాడు. ప్రాణం చివుక్కుమంది. వాణ్ణి కోప్పడదామంటే నాకూ అప్పటికి అదే అనిపిస్తోంది మరి.

నిజంగానే పాడైందా, లేక నేనే ఎక్కువ ఊహించుకుని వెళ్ళానా?

ఎల్బీనగర్ కుర్రాడు | ఉదయం 10:05

అక్కా, సంక్రాంతి ముందు ఆదివారం వెళ్ళి జనం ఎక్కువున్నారంటే ఎలా? అది నుమాయిష్ తప్పు కాదు, క్యాలెండర్ తప్పు.

నాకు ఇరవై ఒకటి. ప్రతి సంవత్సరం ఫ్రెండ్స్‌తో రెండు మూడుసార్లు వెళ్తాను. టికెట్ యాభై రూపాయలు. యాభై రూపాయలకి సిటీలో ఇంకెక్కడైనా సాయంత్రం అంతా గడుపుతామా? మాల్లో పాప్‌కార్న్ కూడా రాదు. మీ 2003 మేం చూడలేదు, కాబట్టి మాకు పోల్చుకునే బాధ లేదు.

వనిత 98 బ్యాచ్ | ఉదయం 11:20

స్వాతీ, నేను సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయలో చదివాను. మా కాలేజీ ఆ గ్రౌండ్స్‌లోనే ఉంటుంది కదా. జనవరి వచ్చిందంటే క్లాసులో కూర్చున్నా చెవులన్నీ బయటే. మేకులు కొట్టే చప్పుడు, మైక్ టెస్టింగ్, జెయింట్ వీల్ బిగించే వాళ్ళ కేకలు. ఒక్కో స్టాల్ లేచి నిలబడుతుంటే చూసేవాళ్ళం. మా వరకు అసలు పండగ అదే. మొదలయ్యాక అంత మజా ఉండేది కాదు.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. ఆ టికెట్ డబ్బు, స్టాళ్ళ అద్దె ఎవరి జేబులోకో పోవు. నుమాయిష్ నడిపే ఎగ్జిబిషన్ సొసైటీయే మా కాలేజీనీ, పక్కనున్న కమలా నెహ్రూ పాలిటెక్నిక్‌నీ, ఇంకా జిల్లాల్లో కొన్ని విద్యాసంస్థల్నీ నడుపుతుంది. అందుకే ఎంత విసుగొచ్చినా నేను టికెట్ కొంటాను. అక్కడ గాజులు కొన్న ఎవరి డబ్బుతోనో నేను డిగ్రీ చదువుకున్నాను మరి.

రామ్‌కోఠి మాస్టారు | మధ్యాహ్నం 12:45

నేను డెబ్భై దాటినవాణ్ణి కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ఇది 1938లో మొదలైంది. ఉస్మానియా పట్టభద్రులు కొందరు హైదరాబాద్ సంస్థానంలో ఆర్థిక సర్వే చేద్దామనుకున్నారు. దానికి డబ్బు కావాలి. ఇక్కడ తయారయ్యే వస్తువులన్నీ ఒకచోట పెట్టి జనానికి చూపిద్దామనుకున్నారు. పేరు 'నుమాయిష్ మస్నువాతే ముల్కీ'. అంటే స్థానిక ఉత్పత్తుల ప్రదర్శన. పబ్లిక్ గార్డెన్స్‌లో పది రోజులు, యాభై దాకా స్టాళ్ళు. చేతిలో ఉన్న పెట్టుబడి రెండున్నర రూపాయలని మా పెద్దవాళ్ళు కథలా చెప్పేవారు. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రారంభించారు. చోటు చాలక 1946లో ఇప్పుడున్న మైదానానికి మార్చారు. అప్పుడు సంస్థానానికి ప్రధాని సర్ మీర్జా ఇస్మాయిల్. తర్వాత స్వాతంత్ర్యం, విలీనం గొడవల్లో ఆగిపోయి, 1949లో మళ్ళీ మొదలైతే అప్పటి గవర్నర్ జనరల్ రాజాజీ వచ్చి ప్రారంభించారు. అప్పట్నుంచే అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన అయింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, 'నుమాయిష్' అన్న మాటకి అర్థం ప్రదర్శన. సంత కాదు. నా చిన్నప్పుడు మేం కొనడానికి వెళ్ళేవాళ్ళం కాదు, కొనే స్తోమత ఎక్కడిది? చూడ్డానికి వెళ్ళేవాళ్ళం. మన ఊళ్ళో తయారైన ఆల్విన్ ఫ్రిజ్ తలుపు తీసి, లోపల చెయ్యి పెట్టి చల్లదనం చూడ్డానికి లైన్లో నిలబడ్డాను. మా నాన్నగారు వద్దంటున్నా రెండోసారి కూడా నిలబడ్డాను. టీవీ అనేదాన్ని మొదట చూసిందీ అక్కడే, ఇంకా మనకి దూరదర్శన్ రాకముందు. తెర మీద గీతలు తప్ప ఏమీ లేవు. ఆ గీతల్నే కదలకుండా చూశాం.

ఇప్పుడు మీ పదకొండేళ్ళవాడికి, తల్లీ, చూపించడానికి అక్కడ వాడు చూడనిదేముంది? చూడాల్సినవన్నీ ఫోన్‌లోకి పోయాయి. ఇక మిగిలింది కొనడం. అదీ ఫోన్‌లోకే పోయింది.

ఎల్బీనగర్ కుర్రాడు | మధ్యాహ్నం 1:02

మాస్టారూ, ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టడానికి లైనా! ఇది చదివి మా రూమ్మేట్స్ అందరం పడీపడీ నవ్వాం. (గౌరవంగానే నవ్వాం.)

లాడ్‌బజార్ భాయ్ | మధ్యాహ్నం 3:30

నేను కౌంటర్ అవతల నుంచి చెప్తా. మాది లక్క గాజుల పని. మా తాతగారి కాలం నుంచి జనవరిలో స్టాల్ పెడతాం. నలభై ఆరు రోజులు. ఇంట్లో పెళ్ళి ఉన్నా ఈ నలభై ఆరు రోజులు తప్పించే ముహూర్తం చూసుకుంటాం.

స్వాతి గారు చెప్పింది అబద్ధం కాదు. ఒకే హోల్‌సేల్ నుంచి సరుకు తెచ్చి పెట్టేవాళ్ళు పెరిగారు. రెండు వేలకు పైగా స్టాళ్ళున్నాయి. అన్నిటికీ వేరే వేరే సరుకు ఎక్కడి నుంచి వస్తుంది? వెనక వరసల్లోకి వెళ్ళండి. కశ్మీర్ వాళ్ళు శాలువాలు, డ్రై ఫ్రూట్స్ పెట్టుకుని కూర్చుంటారు. లక్నో చికన్ వాళ్ళు, ఖుర్జా పింగాణీ వాళ్ళు ఉంటారు. తండ్రి తర్వాత కొడుకు వస్తున్నవాళ్ళు. మా నాన్న, ఒక కశ్మీరీ పెద్దాయన పక్కపక్క స్టాళ్ళలో ముప్ఫై ఏళ్ళు కూర్చున్నారు. ఏడాదికి నలభై ఆరు రోజుల స్నేహం. ఆయన పోయాడని మాకు తెలిసింది తర్వాతి జనవరిలోనే, కొడుకొక్కడే లారీ దిగినప్పుడు.

మారింది ఏంటంటే, అప్పట్లో కస్టమర్ గాజు చేతిలోకి తీసుకుని, ఇటూ అటూ తిప్పి, కొంచెం గీరి చూసి బేరం మొదలుపెట్టేది. ఇప్పుడు ముందు ఫోన్ తీసి ఆన్‌లైన్ రేటు చూస్తారు. ఆ ఫొటోలో ఉన్నది ప్లాస్టిక్ అమ్మా, ఇది లక్క, అని చెప్పేలోపే వెళ్ళిపోతారు. మేం పొయ్యి మీద కాచి, సైజు చూసి, చేతికి తగ్గట్టు సాగదీసి ఇస్తామని కూడా కొత్త పిల్లలకి తెలీదు.

2019 జనవరి 30 రాత్రి మంటలు వచ్చినప్పుడు మా స్టాల్ బతికింది. ఎదురు వరస బతకలేదు. దేవుడి దయ, ప్రాణాలు పోలేదు. సరుకు మొత్తం బూడిదైనవాళ్ళే మళ్ళీ ఏడాది వచ్చి స్టాల్ పెట్టారు. 2021లో కరోనాకి అసలు జరగలేదు. 2022లో మొదలైన మర్నాడే ఆపించి, మళ్ళీ ఫిబ్రవరి ఆఖర్లో తెరిచారు. ఆ రెండేళ్ళూ లెక్కేస్తే మాకు నుమాయిష్ జరగడమే గొప్ప. బాగుందా లేదా అన్నది తర్వాత.

డల్లాస్ శీను | రాత్రి 8:15 (ఇక్కడ పొద్దున్నే)

ఈ చర్చ మాకూ ఉంది సార్. డల్లాస్‌లో టెక్సాస్ స్టేట్ ఫెయిర్ అని జరుగుతుంది, సెప్టెంబర్ ఆఖరు నుంచి ఇరవై నాలుగు రోజులు. 1886 నుంచీ ఉంది. గేటు దగ్గరలో బిగ్ టెక్స్ అని యాభై అయిదు అడుగుల కౌబాయ్ బొమ్మ నిలబడి అందరికీ "హౌడీ" చెబుతుంది. 2012లో కరెంటు షార్టయి అది నిలువునా తగలబడిపోతే ఇక్కడివాళ్ళు ఇంట్లో పెద్దాయన పోయినట్టు బాధపడ్డారు. మరుసటి ఏడాదికి కొత్తది నిలబెట్టారు.

మా ఆఫీసులో అరవై దాటిన ఒక టెక్సాస్ పెద్దావిడ ఉంది. ఆవిడా అచ్చం స్వాతి గారిలాగే: "మా చిన్నప్పుడు ఆవుల్ని, గుర్రాల్ని చూడ్డానికి వెళ్ళేవాళ్ళం. ఇప్పుడన్నీ నూనెలో వేయించిన తిండ్లే. రేట్లు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి." అక్కడ నిజంగానే ఏది దొరికితే అది వేయిస్తారు. వెన్న వేయిస్తారు. బిస్కెట్లు వేయిస్తారు. మా ఆవిడ అయితే "మన బజ్జీల బండివాణ్ణి ఇక్కడికి తెస్తే వీళ్ళని కొనేస్తాడు" అంది.

కానీ ప్రతి ఏడూ అదే పెద్దావిడ మనవళ్ళని వెంటేసుకుని వెళ్తుంది. కర్రకి గుచ్చిన కార్న్ డాగ్ అక్కడ 1942 నుంచి ఒకే కుటుంబం అమ్ముతోంది. ఆవిడ అది తిని, "ఇప్పుడు చిన్నదైపోయింది" అని తిట్టి ఇంటికొస్తుంది.

నరసరావుపేట నాని | రాత్రి 9:10

మీ నుమాయిష్ నాకు తెలీదు గానీ, శివరాత్రికి మా కోటప్పకొండ తిరునాళ్ళ గురించీ మా ఇంట్లో ఇదే గొడవ. మా బాబాయి ఏటా ప్రభ (ఎత్తుగా కట్టి, అలంకరించి కొండకి తీసుకెళ్ళేది) కట్టేవాళ్ళతో తిరిగే మనిషి. ఒకప్పుడు ప్రభని ఎడ్లతో లాగించేవారు, ఇప్పుడు ట్రాక్టరు, పైన మొత్తం కరెంటు బల్బులు, జనరేటర్ వేరే. ఆయనకి అది నచ్చదు. అయినా ముందు రోజు రాత్రి ప్రభ పడిపోకుండా తాళ్ళు పట్టుకునేది ఆయనే.

నాకైతే తిరునాళ్ళంటే పంచదార చిలకలు. గులాబీ రంగువి. రుచేం ఉండదు, ఉత్త పంచదార. తోక నుంచి తినాలా తల నుంచి తినాలా అని చెల్లెలితో గొడవ. పోయినేడు నాలుగు వీధులు తిరిగితే ఒకే ఒక్క ముసలమ్మ దగ్గర దొరికాయి. మా పాప ఒక ముక్క నాకి పక్కన పెట్టేసింది.

వనిత 98 బ్యాచ్ | రాత్రి 9:40

"మనం పెద్దయ్యాం కాబట్టి అలా అనిపిస్తోంది" అని ఇంకాసేపట్లో ఎవరో ఒకరు అంటారు. నేను ఒప్పుకోను. నిజంగా పోయినవి ఉన్నాయి. మౌత్ కా కువా గుర్తుందా? చెక్క పలకలతో కట్టిన పెద్ద బావి. మెట్లెక్కి అంచు మీద నిలబడితే లోపల బైకు గోడ మీద గిరగిరా తిరుగుతుంటే కాళ్ళ కింద పలకలు వణికేవి. పెట్రోలు వాసన. ఒకాయన హ్యాండిల్ వదిలేసి, రెండు చేతులూ చాపి తిరుగుతూ పైకి వచ్చి, మా నాన్న వేళ్ళ మధ్య నుంచి పది రూపాయల నోటు లాక్కెళ్ళాడు. చూస్తుండగానే మళ్ళీ కిందకి. నాన్న ఖాళీ వేళ్ళని ఇంటికొచ్చేదాకా చూసుకుంటూనే ఉన్నారు.

ఇప్పుడు నేను అలాంటిదాని అంచు మీద మా అమ్మాయిని నిలబెడతానా? ఛస్తే నిలబెట్టను. అయినా అది లేని నుమాయిష్ నాకు చప్పగానే ఉంటుంది. రెండూ నిజమే, ఏం చేయమంటారు?

రామ్‌కోఠి మాస్టారు | రాత్రి 10:20

వనిత గారూ, పోయినవాటిలో పోతే బాగుండు అనిపించినవీ ఉన్నాయి. అప్పట్లో ఆడవాళ్ళకి లోపల సరైన మరుగుదొడ్డి ఉండేది కాదు. మా అమ్మ నుమాయిష్‌కి వెళ్ళే రోజు మధ్యాహ్నం భోజనం దగ్గర్నుంచి నీళ్ళు తాగేది కాదు. రాత్రి పదకొండుకి ఇంటికొచ్చి, చెప్పులు విడవకుండానే కుండ దగ్గరికి వెళ్ళి రెండు చెంబులు గటగటా తాగేది. మేం దాన్ని చాలాకాలం అమ్మ అలవాటనే అనుకున్నాం. నాకు యాభై ఏళ్ళు వచ్చాక, ఆవిడ పోయాక, ఓ రోజు మా కోడలు ఏదో మాట మీద చెప్తే గానీ బుర్రకి ఎక్కలేదు.

పాత నుమాయిష్ అద్భుతం అని నేను రాసింది మగపిల్లాడి జ్ఞాపకం. మా అమ్మని అడిగి ఉంటే ఏం చెప్పేదో.

సైనిక్‌పురి స్వాతి | రాత్రి 11:05

మాస్టారూ, ఇది చదివి వెళ్ళి మా అమ్మని అడిగాను. (నాన్న పోయి ఆరేళ్ళు. అమ్మ మా దగ్గరే ఉంటుంది.) నుమాయిష్ అంటే నీకేం గుర్తొస్తుందమ్మా అన్నాను. ఏమందో తెలుసా? "మీ నాన్న నిన్ను భుజానేసుకుని జనంలోకి పోయేవాడు. నేను తమ్ముడి చెయ్యి పట్టుకుని, రెండు సంచులు మోసుకుంటూ మీ వెనకాలే పరుగు. నీ ఎర్ర స్వెటర్ కనపడకపోతే గుండె ఆగిపోయేది. ఏం చూశానో నాకేం గుర్తులేదు."

ఒకసారి తమ్ముడు నిజంగానే తప్పిపోయాడట కూడా. మైకులో పేరు వినిపించే వరకు అరగంట. ఇదంతా నాకు అసలు తెలీదు. నాకు గుర్తున్నది రైలు మాత్రమే.

తర్వాత, "ఊరగాయ జాడీ ఒకటి కొనుక్కోవాలని అప్పట్నుంచీ అనుకుంటున్నా. ప్రతిసారీ ఇంత బరువు ఎవరు మోస్తారని మీ నాన్న వద్దనేవాడు" అంది.

లాడ్‌బజార్ భాయ్ | రాత్రి 11:30

అమ్మగారిని తీసుకురండి. మంగళవారమో బుధవారమో, నాలుగింటికి తెరవగానే. ఆరు లోపల చూసేస్తే తర్వాత జనం వచ్చినా ఫికర్ లేదు. అజంతా గేట్ నుంచి రండి, గాంధీభవన్ వైపు తోపులాట ఎక్కువ. ఆడవాళ్ళకి మాత్రమే అని ఒక రోజు పెడతారు, అదైతే ఇంకా నయం.

పింగాణీ జాడీ తీసుకుంటే మూడు చూసుకోవాలి. వేలితో కొట్టి చూడండి, ఖంగుమనాలి. బొంగురుగా వస్తే ఎక్కడో వెంట్రుకంత పగులుంది. లోపల చెయ్యి పెట్టి అడుగున మెరుపు సమంగా ఉందో లేదో తడిమి చూడండి. మూత అదే జాడీదో కాదో తిప్పి చూడండి. లారీలో మూతలు, జాడీలు వేరే వేరే గడ్డిలో కట్టి తెస్తారు, కలిసిపోతాయి.

ఎల్బీనగర్ కుర్రాడు | రాత్రి 11:41

అక్కా, ఇంకోటి నేను కలుపుతా: కూరగాయలు తరిగే మెషిన్ మాత్రం కొనొద్దు. అక్కడ అన్న చేతిలో క్యారెట్ పువ్వై విచ్చుకుంటుంది. ఇంటికి తెచ్చాక ఉల్లిపాయ కూడా కోయదు. మా ఇంట్లో మూడున్నాయి. మూడూ మా అమ్మ వేర్వేరు సంవత్సరాల్లో నమ్మి కొన్నవి.

వనిత 98 బ్యాచ్ | రాత్రి 11:50

మా ఇంట్లో రెండు. నోరు మూసుకుంటున్నాను.

సైనిక్‌పురి స్వాతి | జనవరి 22, ఉదయం 8:30

నిన్న మంగళవారం వెళ్ళొచ్చాం. అమ్మ, నేను, పెద్దాడు. చిన్నదానికి జలుబు, మా ఆయన దగ్గర వదిలేశాం.

నాలుగున్నరకి లోపలున్నాం. నీళ్ళు చల్లిన మట్టి వాసన ఇంకా పోలేదు. స్టాళ్ళవాళ్ళు గుడ్డలు దులిపి సర్దుకుంటున్నారు, కొందరు క్యారేజీలు విప్పి అప్పుడు అన్నం తింటున్నారు. ఆదివారం నేను చూసిన చోటేనా ఇది అనిపించింది. నిజం చెప్పాలంటే అరవడానికి ఎవరూ లేకపోతే ఆ కుర్తీల వరసలు కూడా అంత కోపం తెప్పించలేదు. కానీ భాయ్ గారూ, అవి అప్పటికీ రెండు స్టాళ్ళకోసారి ఉన్నాయి. అది మాత్రం వెనక్కి తీసుకోను.

మీరు చెప్పిన వెనక వరసలో అమ్మ ఒక కశ్మీరీ స్టాల్ దగ్గర అరగంట కూర్చుంది. కొన్నది పావు కిలో అక్రోట్లు. ఆయన హిందీ, అమ్మ తెలుగు. ఏం మాట్లాడుకున్నారో దేవుడికే తెలియాలి, ఇద్దరూ మోకాళ్ళు చూపించుకుంటున్నారు. పెద్దాడికి విసుగొచ్చి రైలెక్కుతానన్నాడు. ఎక్కించాను. రైలు చాలా చిన్నది, అది మాత్రం నా జ్ఞాపకంలో కొండంత ఉంది. వాడు మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూర్చుని, మా ముందు నుంచి పోతూ "అమ్మమ్మా!" అని అరిచాడు. అమ్మ చెయ్యూపింది. వాడు వేసుకున్నది నల్ల హూడీ. "ఎర్రది వేయాల్సింది, చీకటి పడితే కనపడడు" అంది నాతో.

జాడీ దొరికింది. అయిదు కిలోల ఆవకాయ పడుతుంది. పైన గోధుమ రంగు, కింద తెలుపు, అమ్మమ్మ ఇంట్లో ఉండేలాంటిదే. అమ్మ వేలితో కొట్టింది, చెవి పెట్టి విన్నది, లోపల మోచేతి దాకా పెట్టి తడిమింది. ఎనిమిది వందలు చెప్తే అయిదు వందల యాభైకి తెచ్చింది. మెట్రోలో స్కానర్ దగ్గర అమ్మాయి "ఇదేంటాంటీ" అని అడిగితే మా అమ్మ మూత తీసి చూపించింది. వెనక లైనంతా ఆగిపోయింది.

ఒళ్ళో పెట్టుకుని తార్నాక దాకా పట్టుకుని కూర్చుంది, పెద్దాడు అడిగినా ఇవ్వలేదు.

లాడ్‌బజార్ భాయ్ | ఉదయం 9:15

మషాల్లా. మూత తిప్పి చూశారా?

సైనిక్‌పురి స్వాతి | ఉదయం 9:22

అదొక్కటే మర్చిపోయాం. వదులుగా ఉంది, ఎటు తిప్పినా లొడలొడమంటోంది. మార్చుకొస్తానంటే అమ్మ వద్దంది. ఎలాగూ గుడ్డ వాసెన కడతాం కదా అంటోంది.